కిరిబాటి బయటి దీవిలో ఇద్దరి కాపురం: ముందు నీళ్ళ సంగతి చూసుకోండి

భార్యాభర్తలం రెండేళ్ళ స్వచ్ఛంద సేవకు పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి దేశంలో, రాజధాని తారావా దాటి ఒక చిన్న దీవికి వెళ్తున్నాం, రోజులు ఎలా గడుస్తాయి, ఏం కట్టుకెళ్ళాలి అని ఒక జంట అడిగారు. అన్నట్టు ఆ దేశం పేరు అక్కడ ‘కిరిబాస్’ అని పలుకుతారు.

వెళ్ళేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇంటికి రేకు కప్పు, ట్యాంకు ఉన్నాయా? మొగలిజాతి ఆకుల కప్పు చల్లగా ఉంటుంది గానీ, దానిమీంచి కారే నీళ్ళు తాగడానికి పనికిరావు. లెక్క సులువు. ఒక చదరపు మీటరు కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 40 చదరపు మీటర్ల రేకు మీద 10 మిల్లీమీటర్లు పడితే 400 లీటర్లు, చిందేది, కారిపోయేది పోను 320 దాకా ట్యాంకులో చేరతాయి. తాగడానికి, వంటకి ఇద్దరికీ రోజుకి 12 లీటర్లు చాలు. 5,000 లీటర్ల ట్యాంకు ఆ లెక్కన ఏడాది పైనే వస్తుంది. అదే నీళ్ళతో స్నానాలు, బట్టలు కూడా కానిచ్చి రోజుకి 80 లీటర్లు వాడితే రెండు నెలలకే అడుగంటుతుంది. పసిఫిక్ నడిమి సముద్రం చల్లబడే లా నినా ఏడాదుల్లో అక్కడ నెలల తరబడి వాన మొహం చూడరు, కాబట్టి ట్యాంకు నీళ్ళతో బట్టలు ఉతకొద్దు.

మిగతా అవసరాలకి బావి ఉంది. పగడపు ఇసుక కింద ఉప్పునీటి మీద వాననీరు పల్చగా తేలి ఉంటుంది, బావిలో ఊరేది అదే. మోటారు పెట్టి గబగబా తోడితే కింది ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. చేదతో తోడుకోవడమే మేలు. ఇసుకలో మురుగు వడకట్టుకోదు, కాబట్టి పందుల దొడ్డికి, మరుగుదొడ్డికి దగ్గరగా ఉన్న బావి నీళ్ళు నోట్లో పోసుకోకండి. ఇంకో చిక్కు: ఏ బావి నీళ్ళలోనైనా కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. పప్పుకి వాననీళ్ళే పోయాలి.

వాన మొదలవగానే గొట్టాన్ని ట్యాంకు నుంచి పక్కకి తిప్పి, కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్ట కొట్టుకుపోయాక మళ్ళీ కలపండి. ట్యాంకు మూతికి, పొర్లు గొట్టానికి దోమతెర బిగించండి, లేదంటే డెంగీ దోమలు అందులోనే పెరుగుతాయి. తాగే నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు. గ్యాసో కిరసనాయిలో అయిపోయినప్పుడు వాసన కలపని 5 శాతం బ్లీచ్ లీటరుకి 2 చుక్కలు వేసి అరగంట ఆగాలి.

తిండి అంటే చేపలు, కొబ్బరి, పనస చుట్టమైన బ్రెడ్‌ఫ్రూట్, ఓడలో వచ్చే బియ్యం, పిండి, పంచదార. ఓడ అన్న రోజుకి రాదు. బియ్యం ఇద్దరికీ నెలకి 10 నుంచి 12 కిలోలు అనుకుని, రెండు నెలల సరుకు బిగుతు మూత బకెట్లలో ఎప్పుడూ ఉంచుకోండి. సంచిలో ఉంచితే పురుగూ పడుతుంది, తేమా పడుతుంది. చేపల దగ్గర రెండు జాగ్రత్తలు. పగడపు దిబ్బల్లో తిరిగే పెద్ద వేటచేపల్లో, ముఖ్యంగా బారకూడా, మోరే పాముచేపల్లో సిగ్వటెరా విషం ఉండొచ్చు. ఎంత ఉడికించినా పోదు. నోటి చుట్టూ తిమ్మిరెక్కి, చల్లటిది ముట్టుకుంటే చురుక్కుమంటే అదే. ఏ వైపు చేప మంచిది కాదో ఊళ్ళో జాలర్లకి తెలుసు, అడగండి. ట్యూనాకి ఆ బెడద ఉండదు గానీ, పట్టినవెంటనే వండాలి. ఎండలో పడున్న ట్యూనాలో పుట్టే విషమూ వండితే పోదు.

పెరట్లో మన తోటకూర, మునగ బతుకుతాయి. ఆ నేలలో ఇనుము మొక్కకి అందదు, లేత ఆకులు పసుపెక్కేది అందుకే. అక్కడివాళ్ళు ఆకు ఎరువుతో పాటు తుప్పు డబ్బాలు కూడా గుంటలో పాతిపెడతారు.

పగడం గీరుకుంటే చిన్నదేలే అని వదలొద్దు. కాచి చల్లార్చిన నీళ్ళతో, సబ్బుతో రుద్ది ముక్కలన్నీ తీసేసి మందు రాయాలి. ఎరుపు పాకుతుంటే నర్సు దగ్గరికి వెళ్ళండి.

మర్యాదలు మన పల్లెలకి దూరం కాదు. బయట చేతులు పట్టుకు తిరగొద్దు, ఆవిడ మోకాళ్ళు కప్పే బట్టలు కట్టుకోవాలి. ఊరి సభాశాల ‘మనేబా’లో బాసింపట్టు వేసుకోవాలి, ఎవరి వైపూ కాళ్ళు చాపకూడదు. మనకి కొత్తగా ఉండేది ‘బుబుటి’. అయినవాళ్ళు ఏదైనా అడిగితే కాదనకపోవడం వాళ్ళ ఆచారం. ఇవ్వలేని వస్తువు బయట కనబడనివ్వకుండా పెట్టెలో దాచుకోవడం పిసినారితనం కాదు, కాదనే ఇబ్బంది ఇద్దరికీ తప్పుతుంది. తిండి మాత్రం ధారాళంగా పెట్టండి.

డబ్బు ఆస్ట్రేలియా డాలర్లు. చిన్న నోట్లు తారావాలోనే మార్చుకోండి. పప్పులు, పోపు సామాను దారిలో ఫిజీలోని నాండిలో దొరుకుతాయి. సీలు ఉన్న పొట్లాలే కొనండి, దిగగానే క్వారంటైన్ వాళ్ళకి చూపించండి. విత్తనాలు, కరివేపాకు మొక్కలు మాత్రం సంచిలో పెట్టొద్దు.