నెలాఖరు లెక్కకి ముందు ఒక ఉత్తరం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈ నెలంతా నువ్వు చదివిన ప్రేమ నవలలన్నీ తలుచుకుని, వాటి గురించి రాసి నలుగురికీ చూపిస్తావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒకవైపు సంతోషం. ఈ పుస్తకాల్ని దిండు కింద దాచుకుని చదివినదాన్ని నేను. నువ్వేమో ఇవీ నేను చదివినవి, ఇందుకు నచ్చాయి అని బాహాటంగా చెప్పబోతున్నావు. రెండోవైపు భయం. ఆ భయం ఎందుకో చెబుదామనే ఇది రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. పుస్తకం పేరు, రచయిత పేరు, ముగించిన తేదీ రాసుకో. సగంలో వదిలేసినవి దాచకు, ఏ పేజీ దగ్గర ఎందుకు వదిలావో రాయి. బాగా రాసిన పుస్తకం వేరు, నీకు నచ్చిన పుస్తకం వేరు. రెండింటికీ కలిపి ఒకే మార్కు వెయ్యకు.

పుస్తకం మూసిన రాత్రే రెండు వాక్యాలు రాసి పడుకో, ఇంకోటి తెరవకముందే. ప్రేమకథలు వెంటవెంటనే చదివితే ఒకదాంట్లో వాన ఇంకోదాంట్లోని రైలు మీద కురుస్తుంది. నెలాఖరుకి ఎవరు ఎవర్ని ఏ వంతెన మీద వదిలి వెళ్లారో నీకే గుర్తుండదు. అప్పుడు వెనక అట్ట మీదున్న నాలుగు ముక్కలు చూసి రాస్తావు. అది నీ మాట కాదు కదా.

మొదటి వాక్యంలోనే క్షమాపణ చెప్పకు తల్లీ. "కాలక్షేపానికి చదివాను గానీ" అని మొదలుపెట్టావని తెలిస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. తెల్లవారుజాము రెండింటిదాకా నిన్ను కూర్చోబెట్టిన పుస్తకాన్ని పదిమందిలో తెలియనట్టు ఎందుకు నటించాలి?

ఇంకో మాట. "ఎనిమీస్ టు లవర్స్" (పగవాళ్లే ప్రేమికులయ్యే కథ), "స్లో బర్న్" (ప్రేమ నెమ్మదిగా రాజుకునే కథ) అని రాసి ఊరుకోకు. అవి పుస్తకాల అరకి అంటించే చీటీలు. 1813లో వచ్చిన, ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టెన్ రాసిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌కి కూడా మొదటి చీటీయే అంటిస్తారు. ఆ నవలలో మొత్తం 61 అధ్యాయాలు. హీరో డార్సీ హీరోయిన్ ఎలిజబెత్ దగ్గర మొదటిసారి పెళ్లి మాటెత్తేది 34వ అధ్యాయంలో. ఎలిజబెత్ కాదంటుంది. ఇంకా దాదాపు సగం పుస్తకం మిగిలే ఉంటుంది. ఆ "కాదు" విన్నాక ఆ మనిషి ఏంచేశాడన్నదే ఆ సగమంతా. మర్నాడు ఒక ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోయాడు. బతిమాలలేదు, వెంటపడలేదు, ఆమె మనసు మారిందన్న ఆశ కలిగేదాకా పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు. తన వల్ల జరిగిన తప్పు మాత్రం ఆమెకి తెలియకుండా సరిదిద్దాడు.

నా మొదటి భయం ఇక్కడే ఉంది. నీ వయసులో నేను గోడకి ఆనించి నిలబెట్టే మగాణ్ణి, చెప్పా పెట్టకుండా ఆమె ఉద్యోగం మాన్పించేవాణ్ణి ప్రేమికుడనుకుని పేజీలు తిప్పాను. ఆ కథలు చదవొద్దని నేననను, చదువు. కానీ ఏ హీరో నచ్చాడో రాసేటప్పుడు, ఆమె వద్దన్న చోట అతనేం చేశాడో కూడా ఒక లైను రాయి. రాస్తే నీకే కనబడుతుంది. అంతకంటే చెప్పను, మీ అమ్మ ఇప్పటికే చాలా చెప్పి ఉంటుంది.

ఇక నా తప్పు సంగతి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నాకంటే పదేళ్లు పెద్ద, వరసకి అక్క, పుస్తకాలిచ్చేది. ప్రతి పుస్తకానికీ కాగితం అట్ట వేసి ఇచ్చేది. ఒక నెల నేను పంతం పట్టి ఇరవై ఒక్క నవలలు చదివాను. పదిహేనోది దాటాక చదవడం ఆగిపోయింది, లెక్కపెట్టడం మిగిలింది. ముందు ఆఖరి అధ్యాయం చూసేదాన్ని. వాళ్లిద్దరూ కలిశారా, కలిశారు. ఇక మధ్యలో సంభాషణలున్న చోట మాత్రం ఆగుతూ వెళ్లిపోయేదాన్ని.

ఇరవై ఒకటోది ఆ అక్క ఇచ్చిన పర్సువేషన్. జేన్ ఆస్టెన్ ముగించిన ఆఖరి నవల. 1817 జూలైలో ఆవిడ చనిపోతే ఆ డిసెంబరులో అచ్చయింది. పంతొమ్మిదేళ్లప్పుడు హీరోయిన్ ఆన్ ఇలియట్ పెద్దవాళ్ల మాట విని, తను ప్రేమించిన వెంట్‌వర్త్‌ని కాదంటుంది. ఎనిమిదేళ్లు గడిచి ఆమెకి ఇరవై ఏడు వచ్చాక అతను తిరిగొస్తాడు. ఒకే గదిలో ఉంటారు, పక్కపక్క నుంచే నడుస్తారు, మాట్లాడుకోరు. నేను మాటల కోసం వెతికాను. దొరకలేదు. నోటుబుక్కులో రాశాను: "హీరో హీరోయిన్లు మాట్లాడుకోనే మాట్లాడుకోరు. సాగదీత. ఇరవయ్యొకటి పూర్తి."

ఆ నోటుబుక్కు నేనే గర్వంగా తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టాను. ఆవిడ మొత్తం చదివింది. ఆ లైను దగ్గర కాసేపు ఆగింది. "చాలా చదివావే" అంది. పుస్తకం తీసుకుని, అట్ట చిరిగిన చోట వేలితో సర్దుకుంటూ లోపలికి వెళ్లింది. ఆ తర్వాత నాకు ఇంకే పుస్తకమూ ఇవ్వలేదు. అడిగితే, "నీకు నచ్చేవి నా దగ్గర లేవమ్మా" అనేది, మామూలుగానే. ఆవిడ ఎవరి కోసం ఎన్నేళ్లు మాట్లాడకుండా ఉండిపోయిందో నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి చెప్పుకోడానికి ఆవిడ లేదు.

ముప్పై అయిదో ఏట ఆ నవల మళ్లీ పట్టుకున్నాను, ఈసారి మొదటి పేజీ నుంచి. వాళ్లు మాట్లాడుకోని ప్రతి పేజీలోనూ ఏం జరుగుతోందో అప్పుడు తెలిసింది. ఇంకోటీ తెలుసుకున్నాను. ఆస్టెన్ ఆ నవలని 1816 జూలైలో ఒకసారి ముగించింది. తిరిగి చూసుకుంటే ముగింపు నచ్చలేదు. చివర్లో ఒక అధ్యాయం తీసేసి దాని చోట రెండు కొత్తవి రాసింది, ఆగస్టు మొదటి వారానికి పూర్తిచేసింది. తీసేసినదాంట్లో వెంట్‌వర్త్ వేరే వాళ్ల పనిమీద వచ్చి ఆన్‌ని ఒక ప్రశ్న అడిగితే, ఆ జవాబుతో వ్యవహారం తేలిపోతుంది. కొత్తదాంట్లో ఆడవాళ్లు ఎంతకాలం ప్రేమించగలరో ఆన్ ఇంకొకరితో చెబుతుంటే, అదే గదిలో కూర్చుని వింటున్న అతను ఆగలేక ఉత్తరం రాస్తాడు. కొట్టేసిన ఆ అధ్యాయం చేతిరాత ఇప్పటికీ ఉంది. రెండు ముగింపుల్లోనూ వాళ్లిద్దరూ కలుస్తారు అమ్మలూ. ఎలా కలుస్తారన్నదాని కోసమే ఆవిడ ఒంట్లో బాగాలేని రోజుల్లో మళ్లీ కలం పట్టింది. నేను ఆ ఎలా అన్నదాన్నే దాటేసి, ఇరవయ్యొకటి అని అంకె వేసుకున్నాను.

రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ఈ నవలలకి పెట్టుకున్న షరతులు రెండే: కథకి కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు మనసుకి తృప్తినీ ఆశనీ ఇవ్వాలి. కాబట్టి కలుస్తారా లేదా అన్నది నువ్వు రాయక్కర్లేదు, అందరికీ తెలుసు. నువ్వు ఏ పేజీలో ఊపిరి బిగబట్టావో రాయి. ఏ మాటకి పుస్తకం గుండెల మీద బోర్లించి పైకప్పు చూస్తూ ఉండిపోయావో రాయి. నచ్చనివాటి గురించి కూడా నిజమే రాయి, మొహమాటపడకు. కానీ ఆ పుస్తకం నీకెవరైనా ఇచ్చి ఉంటే, రాసేముందు వాళ్లని ఒకసారి అడుగు, "ఇందులో నీకేం నచ్చింది?" అని. నేను అడగలేదు.

ఎన్ని చదివావని మీ అమ్మని అడిగాను, తొమ్మిది అంది. ఎందుకో ప్రాణం కుదుటపడింది.

నా పర్సువేషన్ నీకు పంపుతున్నాను. చివరి అధ్యాయం దగ్గర ఒక పేజీ మూల మడిచి ఉంటుంది, ఇరవై రెండేళ్లప్పటి తొందరే మళ్లీ వచ్చి ఒకసారి మడిచాను. ఆ మడత విప్పేసి, మొదటి పేజీ నుంచి చదువు. అట్ట నేనే వేశాను.

నీ పెద్దమ్మ