దున్‌హువాంగ్ వెళ్తున్న మేనకోడలికి

చి. సౌజన్యకు అత్తయ్య ఆశీస్సులు.

జులైలో చైనాలోని దున్‌హువాంగ్ వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమే తల్లీ. ముందు టికెట్ సంగతి చూడు. అక్కడి మొగావ్ గుహల (గోడల నిండా బౌద్ధ చిత్రాలున్నవి) టికెట్లు నెల ముందే ఆన్‌లైన్లో పెడతారు, వేసవి సెలవుల్లో ఇట్టే అయిపోతాయి. ఎనిమిది గుహలు చూపించే టికెట్టే తీసుకో. అది అయిపోయాక అమ్మే చవక టికెట్‌కి నాలుగే చూపిస్తారు. తేదీ ఖాయమయ్యాకే విమానం, హోటల్.

బొమ్మలున్న గుహలు 492, నువ్వు చూసేవి ఎనిమిది. దిగులుపడకు. ఏవి చూపించాలో గైడే నిర్ణయిస్తారు. జనం ఊపిరి తేమకి గోడలు పాడవుతాయని అన్నీ తెరవరు, ఫొటోలూ తీయనివ్వరు. లోపల చీకటి, వెలుగంతా గైడ్ చేతిలోని టార్చిదే. అందుకని గైడ్‌ని అంటిపెట్టుకునే నిలబడు.

257వ గుహ పడితే నీ అదృష్టం. నీళ్లలో కొట్టుకుపోతున్నవాణ్ణి తొమ్మిది రంగుల జింక కాపాడుతుంది, వాడే దాని ఆచూకీ రాజుకి చెప్పేస్తాడు. అజంతా 17వ గుహలో ఉన్న రురు జాతకమే ఇది, బుద్ధుడు పూర్వజన్మలో జింకగా పుట్టిన కథ. మొగావ్ చిత్రకారుడు కథని రెండు చివర్ల నుంచీ నడిపించి మధ్యలో కలిపాడు. ఆ మధ్యలోనే రాజు ఎదుట జింక మోకరిల్లదు, తలెత్తి నిలబడి మాట్లాడుతుంది. ఆ నిలబడడం చూడు, నాకు ఆ గోడంతటిలోకీ అదే గొప్ప. ఆ గుహ తెరవకపోతే అక్కడి ప్రదర్శనశాలలో నమూనా గుహలున్నాయి, తప్పకుండా వెళ్లు. కొన్ని ముఖాలు నల్లగా ఉంటాయి. చిత్రకారుడు అలా వేయలేదు, సీసం కలిసిన రంగులు కాలక్రమేణా మారిపోయాయి.

16వ గుహ దారిలో పక్కనే చిన్న గది, అదే 17. మూసేసి ఉన్న ఆ గదిని 1900లో వాంగ్ యువాన్‌లు అనే సాధువు కనిపెట్టాడు. వేల రాతప్రతులు బయటపడ్డాయి, వాటిలో చాలా భాగం లండన్, పారిస్ చేరాయి. 868లో అచ్చయిన వజ్రచ్ఛేదిక అనే బౌద్ధ సూత్రగ్రంథం కూడా ఇప్పుడు లండన్‌లోనే ఉంది. అందరూ తొంగిచూసి వెళ్లిపోతారు. నువ్వు కాసేపు ఆగు.

చైనా అంతటా బీజింగ్ టైమే కాబట్టి అక్కడ రాత్రి తొమ్మిదింటికి గానీ పొద్దు పోదు. గుహలు పొద్దున చూసుకో, మింగ్షా ఇసుక తిన్నెలు, నెలవంక చెరువు సాయంత్రం ఆరు దాటాక. నూడుల్స్ చెప్పేముందు మాంసం ఉందా అని అడుగు, అక్కడ గాడిద మాంసంతో ఇస్తారు. ఆప్రికాట్ తొక్కలతో కాచే పుల్లటి చల్లటి షర్బత్ మాత్రం తాగి తీరాలి, ఆ ఎండకి అదే మందు.

పాస్‌పోర్ట్ చేతి సంచిలోనే ఉంచుకో, టికెట్ దాని మీదే ఇస్తారు.

మీ అత్తయ్య