80 వేలకు అమ్మే జెర్సీ మనకొద్దమ్మా

పలాస నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది.

"సార్, నమస్తే. నేను జీడిపప్పు పీలింగ్ పనికి వెళ్తాను. మా ఆయన చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తారు. మా గుంట ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. హైస్కూల్లో పీఈటీ సార్ నేర్పితే ఎనిమిదో తరగతి నుంచి హాకీ ఆడుతోంది. రెండుసార్లు జిల్లా జట్టులో ఆడింది. ఈ మధ్య ఫోన్లో ఆడవాళ్ల ఇండోర్ హాకీ ప్రపంచకప్ మ్యాచ్‌లు చూసి, ఆడితే ఇదే ఆడతానంటోంది. ఇంతలో ఒకాయన వచ్చి, విదేశంలో అంతర్జాతీయ ఇండోర్ హాకీ ఛాంపియన్‌షిప్ ఉంది, ఇండియా జెర్సీ ఇస్తాం, ఆ సర్టిఫికెట్‌తో రైల్వే ఉద్యోగం ఖాయం, 80 వేలు కట్టండి అన్నాడు. నెలాఖరులోగా 20 వేలు అడ్వాన్స్ ఇవ్వాలట. ఇంట్లో ఒక గొలుసు ఉంది, తాకట్టు పెడదామా అనుకుంటున్నాం. కాలేజీ మానేసి ప్రాక్టీస్ చేస్తానని కూడా అంటోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు సార్, ఒకటే టెన్షన్. ఈ ఆటలో భవిష్యత్తు ఉందా? మా గుంట ఇంకొకటి అడగమంది: ఆ మ్యాచ్‌ల్లో బంతిని గట్టిగా కొట్టకుండా ఎప్పుడూ నెడుతూనే ఉంటారెందుకు?"

అమ్మా, ముందు గొలుసు సంగతి. దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లకండి. ఆయనకు రేపే ఫోన్ చేసి మేము రావడం లేదని చెప్పేయండి.

ఎందుకంటున్నానో చెబుతాను. మీ అమ్మాయి ఫోన్లో చూసిన ప్రపంచకప్‌ను నడిపేది అంతర్జాతీయ హాకీ సమాఖ్య. అందులోకి దేశాలు అర్హత సాధించి వెళ్తాయి, ఎవరో పది మందిని పోగుచేసి తీసుకెళ్తే ఆడనివ్వరు. 2025 ఫిబ్రవరిలో క్రొయేషియాలోని పోరెచ్‌లో జరిగిన ప్రపంచకప్‌లో మహిళల విభాగంలో 12 జట్లే ఆడాయి. మన దేశం తరఫున హాకీ జట్టును ఎంపిక చేసే అధికారం హాకీ ఇండియాకే ఉంది. అది జాతీయ టోర్నీల్లో ఆట చూసి, శిబిరానికి పిలిచి, అక్కడ వడపోసి జట్టును ప్రకటిస్తుంది. అలా ఎంపికైన అమ్మాయి తన జెర్సీకి, విమానం టికెట్‌కు డబ్బు కట్టే పని లేదు. దేశం తరఫున ఆడించడానికి తల్లిదండ్రుల దగ్గర డబ్బు అడిగారంటే అది దేశం జట్టు కాదు. ఇండియా అని రాసిన టీషర్టు ఎవరైనా అచ్చు వేయించగలరు.

నాకు ఈ విషయంలో కోపం ఎక్కువ. కొన్నేళ్ల కిందట బొబ్బిలి వైపు నుంచి ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. అతనిది వేరే ఆట. చేతిలో మూడు 'ఇంటర్నేషనల్' సర్టిఫికెట్లు, రంగురంగుల సీళ్లు, ఒక మెడల్. వాటి కోసం వాళ్ల నాన్న అర ఎకరం అమ్మాడు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి వెరిఫికేషన్‌కు వెళ్తే ఆ మూడింటిలో ఒక్క టోర్నీ కూడా గుర్తింపు జాబితాలో లేదన్నారు. అంతకుముందు వాళ్ల స్కూలు తరఫున రాష్ట్ర స్థాయిలో ఆడిన కాగితం ఒకటి ఉండేదట. ఇది చిన్నదే కదా అని దాన్ని ఎక్కడో పారేసుకున్నాడు. ఆ రోజు నా ముందు కూర్చున్న ఆ తండ్రి ముఖం నాకు ఇంకా గుర్తుంది. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇండోర్ హాకీలో భవిష్యత్తు ఉందా?

ఆ ఆట పుట్టి పెరిగింది జర్మనీలో. చలికాలంలో బయట మైదానాలు ఆడటానికి పనికిరాకుండా పోతే క్లబ్బులు హాల్లోకి వెళ్లి ఆడటం మొదలుపెట్టాయి. ఇప్పటికీ యూరప్‌లో అది చలికాలం ఆటే. మహిళల ప్రపంచకప్ 2003లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మొదలైంది. అప్పటి నుంచి 2023లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా దాకా ఆరు టైటిళ్లను జర్మనీ, నెదర్లాండ్స్ ఒకదాని తర్వాత ఒకటి చెరి మూడు పంచుకున్నాయి. పోరెచ్‌లో పోలండ్ గెలిచాకే ఆ వరుస తెగింది. ఈ ఆట ఒలింపిక్స్‌లో లేదు. మన దగ్గర ఉద్యోగాలు, స్కాలర్‌షిప్‌లు, అకాడమీలు అన్నీ బయట మైదానంలో పదకొండు మంది ఆడే హాకీ చుట్టూ అల్లుకుని ఉన్నాయి. కాబట్టి మీ అమ్మాయి ఇండోర్‌నే నమ్ముకుంటే, ఎక్కడానికి ఇక్కడ మెట్లు లేవు.

అలాగని ఆ మ్యాచ్‌లు చూడటం మానేయమని అనను. ఎంత చూస్తే అంత మంచిది. ఎందుకో చివర్లో ఆ పిల్లకే చెబుతాను.

మెట్లు ఉన్న దారి ఇది. ముందు పీఈటీ సార్‌ను వెంటబెట్టుకుని జిల్లా హాకీ సంఘం వాళ్లను కలవండి. వాళ్ల ద్వారా రాష్ట్ర సంఘంలో, అక్కడి నుంచి హాకీ ఇండియాలో పేరు నమోదై ఐడీ కార్డు రావాలి. దీనికి పుట్టిన తేదీ కాగితాలు కావాలి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, టెన్త్ మార్కుల జాబితా, ఈ మూడింటిలో పేరు, ఇంటిపేరు, తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. మన జిల్లాల్లో బడిలో చేర్పించేటప్పుడు తేదీ అటూ ఇటూ రాయించడం మామూలే. మంచి పిల్లలు ఈ ఒక్క తేడా వల్ల ఆగిపోతారు. ఆ తర్వాత సబ్ జూనియర్, జూనియర్ రాష్ట్ర జట్ల సెలక్షన్స్, ఇంకోవైపు స్కూల్ గేమ్స్ పోటీలు. రాష్ట్ర జట్టు తరఫున జాతీయ టోర్నీలో ఆడిన కాగితం మీ 80 వేల జెర్సీ కంటే ఎన్నో రెట్లు విలువైనది. కేంద్ర ప్రభుత్వం నడిపే ఖేలో ఇండియా పథకానికి ఎంపికైతే నెలకు 10,000 రూపాయల భృతి, శిక్షణ కూడా ఉంటాయి.

కాకినాడకు ఒకసారి తీసుకెళ్లండి. పలాసలో రైలెక్కితే సామర్లకోట దాకా సగం రోజు ప్రయాణం. కాకినాడ క్రీడా మైదానంలో ఆస్ట్రోటర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి పరిచిన నేల ఉంది. 2023లో సీనియర్ మహిళల జాతీయ ఛాంపియన్‌షిప్ అక్కడే జరిగింది. మట్టి నేల మీద పెరిగిన పిల్ల ఒక్కరోజైనా టర్ఫ్ మీద ఆడి చూడాలి. మన గ్రౌండ్లో బంతి గడ్డకు తగిలి ఎగురుతుంది, గుంటలో ఆగుతుంది. టర్ఫ్ మీద అది నేలను అంటుకుని దూసుకొస్తుంది. సెలక్షన్స్‌లో మన జిల్లాల పిల్లలు వెనకబడేది ఎక్కువగా ఈ ఒక్క చోటే. పరుగులో, దమ్ములో వీళ్లకు ఎవరూ సాటిరారు.

రజనీ ఎతిమరపు పేరు మీ అమ్మాయికి చెప్పండి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి, గోల్‌కీపర్. 2018 ఆసియా క్రీడల్లో రజతం, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్లలో ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో హాకీ 5ఎస్ మహిళల ప్రపంచకప్ జరిగితే భారత జట్టుకు ఆమే కెప్టెన్. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతంతో తిరిగొచ్చారు. హాకీ 5ఎస్ అంటే ఇండోర్‌కు చెల్లెలి లాంటిది. చిన్న మైదానం, జట్టుకు ఐదుగురు, చుట్టూ అడ్డుపలకలు, కాకపోతే ఆడేది ఆరుబయట. అక్కడికి వెళ్లిన అమ్మాయిలు ముందు మామూలు హాకీలో తమ ఆట చూపించినవాళ్లే. మీ అమ్మాయికి హాలు ఆట మీద అంత ఇష్టం ఉన్నా, అక్కడికీ దారి బయటి మైదానం నుంచే.

ఇక కాలేజీ. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను, మాన్పించకండి. రైల్వే స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు వయసు 18 నుంచి 25 లోపు. టెన్త్‌తో వచ్చే పోస్టు ఒక స్థాయి, ఇంటర్‌తో ఇంకో స్థాయి, డిగ్రీతో ఆ పైది. ఆట ఎంత గొప్పగా ఉన్నా చదువు కాగితం లేకపోతే కింది మెట్టు దగ్గరే నిలబెడతారు. పైగా డిగ్రీలో చేరితేనే యూనివర్సిటీ జట్టులో ఆడే వీలుంటుంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ మీకు దగ్గరే. అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో వచ్చే స్థానాన్ని రైల్వే వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు. ఏ నోటిఫికేషన్ వచ్చినా అందులో ఏ టోర్నీలు, ఏ స్థానం అని రాసి ఉంటుంది. ఆ పేజీని పీఈటీ సార్‌తో కలిసి చదవండి. ఎవరో నోటిమాటగా చెప్పింది నమ్మొద్దు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా ఇప్పుడు 3 శాతం. 2025 మెగా డీఎస్సీలో టీచర్ పోస్టులు కూడా ఆ కోటాలో నింపారు. ఒకవేళ పెద్ద జట్లలో చోటు దొరక్కపోయినా డిగ్రీ తర్వాత పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, పీఈటీ సార్ల కోర్సు బీపీఈడీ చేయవచ్చు. ఆ పరీక్షలో పరుగెత్తడం, దూకడంతో పాటు ఆటలో నైపుణ్యం కూడా చూస్తారు, అక్కడ హాకీ పనికొస్తుంది. బైపీసీ కాబట్టి ఫిజియోథెరపీ కోర్సు దారి కూడా తెరిచే ఉంటుంది. అన్నీ ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఇంటర్ మంచి మార్కులతో పాసవడం ఒక్కటే ఇప్పటి పని. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా ఆట, తర్వాత కాలేజీ. వారానికి ఆరు రోజులు ఇలా నడిస్తే చాలు. ఇంకో మాట, పొద్దున గ్రౌండ్‌కు వెళ్లే పిల్లకు ఒక గుడ్డు, నానబెట్టిన శనగలు, ఇంటికొచ్చాక కడుపునిండా చద్దన్నం పెట్టండి. ఖాళీ కడుపుతో పరిగెత్తించకండి. ఆ గొలుసు మీ దగ్గరే ఉంటుంది కనుక, మంచి స్టిక్, షిన్ గార్డులు, పళ్లకు మౌత్ గార్డు మీ కూలి డబ్బుతోనే ఒక్కొక్కటిగా సమకూర్చుకోవచ్చు.

ఇక్కడి నుంచి ఫోన్ మీ అమ్మాయి చేతికి ఇవ్వండమ్మా.

చూడు తల్లీ, నువ్వడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఇండోర్‌లో బంతిని కొట్టడం నిషేధం, నెట్టడమే. కోర్టు పొడవు సుమారు 40 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. అందులో జట్టుకు ఆరుగురు, గోల్‌కీపర్‌తో కలిపి. అంత చిన్న చోట, నున్నని నేల మీద బలంగా కొడితే బంతి ఎవరి మోకాలినైనా పగలగొడుతుంది. గోల్ వైపు వేసే షాట్ తప్ప మిగతా చోట బంతిని పైకి లేపడానికి కూడా వీల్లేదు. నువ్వు బాగా గమనించి ఉంటావు, పొడవు వైపు రెండు పక్కలా 10 సెంటీమీటర్ల ఎత్తు పలకలు ఉంటాయి. బంతి వాటికి తగిలి తిరిగి ఆటలోకే వస్తుంది. కొట్టే వీలు లేదు కాబట్టి వాళ్లు కోణం వెతుకుతారు. ఎదురుగా మనిషి అడ్డముంటే బంతిని పలకకు నెట్టి, అది ఎక్కడ తేలుతుందో ముందే ఊహించి అక్కడికి పరిగెత్తే తోటి ఆటగత్తెకు అందిస్తారు. అందుకే నడుము అంత వంచి, స్టిక్‌ను దాదాపు నేలకు ఆనించి ఆడతారు. బంతి వచ్చిన మొదటి తాకిడిలోనే అదుపులోకి రాకపోతే అక్కడ రెండో అవకాశం ఉండదు.

నీకు టర్ఫ్ లేదు. సిమెంటు నేల మాత్రం ఉంది. మీ ఊళ్లో జీడి పిక్కలు ఆరబెట్టే సిమెంటు కళ్లాలు ఆదివారం ఖాళీగా ఉంటాయేమో అమ్మను అడిగించు. మట్టి గ్రౌండ్ కంటే ఆ నేల మీద బంతి టర్ఫ్‌లో వచ్చినట్టు తిన్నగా, వేగంగా వస్తుంది. ఒక పక్కన రెండు చెక్క రీపర్లు వరుసగా పెట్టి, ఇద్దరు స్నేహితురాళ్లను పిలుచుకో. ముందు శుభ్రంగా ఊడ్చండి, ఇసుక రేణువు ఉన్నా కాలు జారుతుంది. ఒకరు చెక్కకు నెట్టాలి, రెండోవాళ్లు తిరిగొచ్చే బంతిని ఆపాలి, మూడోవాళ్లు మధ్యలో అడ్డం పడాలి. గట్టిగా కొట్టిన వాళ్లు అవుట్. కుడివైపు నుంచి 50 సార్లు, ఎడమవైపు నుంచి 50 సార్లు నెట్టాలి. మొదటి వారం బంతి సగంసార్లు నీ స్టిక్ కింద నుంచి జారిపోతుంది, కంగారుపడకు. నాలుగో ఆదివారానికి ఎన్ని ఆపగలిగావో లెక్క రాసి నాకు పంపు.