ముందు ట్యూబులో చెమట పట్టిందేమో చూడు

అల్లుడూ,

మీ గాలి నాణ్యత కేంద్రంలో మధ్యాహ్నమయ్యేసరికి సల్ఫర్ డయాక్సైడ్ రీడింగ్ పడిపోతోంది, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం అలాగే ఉంటోంది అన్నావు కదా. వాయువుల్ని కొలిచే ఎనలైజర్ జోలికి వెళ్లకు. టార్చిలైటు తీసుకుని, బయటి గాలిని తెచ్చే ట్యూబు గోడలోంచి షెల్టర్‌లోకి, అంటే మెషీన్లున్న గదిలోకి, వచ్చే చోట చూడు.

మన విశాఖలో ఎండ 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు కడుతుంది. మీరేమో లోపల ఏసీ 22లో పెడతారు. చల్లటి మజ్జిగ గ్లాసుకు చెమట బయట పడితే, ఈ ట్యూబుకు లోపల పడుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఆ నీళ్లలో కరిగిపోతుంది, మోనాక్సైడ్ దాదాపు కరగదు. ట్యూబు మీద ఏసీ గాలి నేరుగా తగలనివ్వకు. లోపలున్న ముక్కకు ఇన్సులేషన్ చుట్టి, కాస్త వెచ్చగా ఉంచు.

నేనూ ఒకసారి ఇలాగే బోల్తాపడ్డాను. చిమ్నీ దగ్గర ట్యూబు ఊయలలా వేలాడుతోంది. రీడింగ్ తగ్గింది కదా అని పొగను కడిగే స్క్రబ్బర్ బాగా పనిచేస్తోందని రాసేశాను. మర్నాడు హెల్పర్ ఆ వంపు పైకెత్తితే దోసెడు నీళ్లు కారాయి. రిపోర్టు మీద సంతకం నాదే! అప్పటి నుంచి చిమ్నీలోంచి గ్యాస్ లాగే ప్రోబ్ మొదలు, దాన్ని చల్లబరిచే చిల్లర్ దాకా లైను ఎక్కడా చల్లబడకుండా వేడిగా ఉంచడమే నా పద్ధతి. చిల్లర్‌లో 4 డిగ్రీల దగ్గర నీటిని చటుక్కున దింపేయాలి, గ్యాస్‌ను నీళ్లలో నాననివ్వకూడదు.

తెలిసిన గ్యాస్‌తో మెషీన్‌ను సరిచూస్తే, ఆ క్యాలిబ్రేషన్ బాగానే వచ్చింది మావయ్యా అంటావు. వస్తుంది మరి. సిలిండర్ గ్యాస్ పొడిగా ఉంటుంది, దాన్ని నువ్వు నేరుగా ఎనలైజర్ వెనక పెట్టావు. ట్యూబు సంగతి దానికేం తెలుసు? ఆ సిలిండర్ గ్యాస్‌నే ట్యూబు బయటి కొస నుంచి వదిలి చూడు. రీడింగ్ నత్తనడకన ఎక్కితే దొంగ దొరికినట్టే. నైట్రోజన్ ఆక్సైడ్ల మెషీన్‌ది వేరే కథ. అందులో రసాయన చర్య వల్ల పుట్టే వెలుగును (కెమిల్యూమినిసెన్స్) నీటి ఆవిరే కాస్త అణిచేస్తుంది కాబట్టి, లైను శుభ్రంగా ఉన్నా తడి గాలిలో తక్కువ చూపిస్తుంది.

ఇంకోటి, చిమ్నీ లెక్క తడి మీదా (తేమతో కలిపి), పొడి మీదా (తేమ తీసేసి) అన్నది రిపోర్టులో తప్పకుండా రాయి. తేమ 15 శాతం ఉంటే, తడి మీద 170 పీపీఎం (పది లక్షల భాగాల్లో 170) అంటే పొడి మీద 200.

ఇవన్నీ చూశాక కూడా పడిపోతుంటే ఫోన్ చెయ్యి, నేనే గాజువాక వస్తాను. చిమ్నీ మెట్లు మాత్రం ఎక్కించకు, మోకాళ్లు సహకరించడం లేదు.

మీ మావయ్య