పది రోజులు ఊరెళ్తే కుండీలకు నీళ్లెవరు పోస్తారు? మా ఇంట్లో లంగా నాడా పోస్తుంది

మీరు అడిగింది ఇది: "ఎండాకాలంలో పది రోజులు ఊరికి పోవాలి. కుండీల్లో మొక్కలకు వాటంతట అవే నీళ్లందే పరికరం ఏదైనా కొందామనుకుంటున్నాను. ఏది మంచిది, ఎవరైనా వాడారా?"

వాడాను. ముందుగా చెప్పేది, నల్లాకు బిగించే టైమర్ జోలికి పోకండి. పోయినా, మీ పక్కింటివాళ్లు ఆ వారం వడియాలు పెట్టుకోవడం లేదని కనుక్కుని పోండి.

మాది నల్లగొండ. నాకు టైలరింగ్ షాపు ఉంది, పైన డాబా మీద నలభై ఆరు కుండీలు ఉన్నాయి. గులాబీలు, మల్లె, నందివర్ధనం, నాలుగు రకాల మిరప, కరివేపాకు, ఇంకా ఎవరో కొమ్మ ఇస్తే కాదనలేక గుచ్చినవి. మే నెలలో మా ఊళ్లో స్లాబు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. పన్నెండు ఇంచుల కుండీకి రెండు పూటలా కలిపి లీటరున్నర పోస్తేనే సాయంత్రానికి ఆకు తల వాల్చకుండా ఉంటుంది. ఒక్క రోజు తప్పితే మిరప పోతుంది, రెండు రోజులు తప్పితే గులాబీ పోతుంది.

నాలుగేళ్ల కింద అక్క బిడ్డ పెండ్లి వనపర్తిలో, అదీ మేలోనే. ఎనిమిది రోజులు పోవాలి. మా ఆయన ఫోన్లో ఏదో వీడియో చూసి ఆన్‌లైన్లో టైమర్ తెప్పించాడు. నల్లాకు బిగిస్తే రోజూ పొద్దున ఆరింటికి తెరుచుకుని పావుగంటకు మూసుకుంటుందట. మా మరిదికి కనగల్ దగ్గర బత్తాయి తోట ఉంది. అక్కడ మిగిలిన పదహారు మిల్లీమీటర్ల డ్రిప్పు పైపు, గంటకు ఎనిమిది లీటర్లు వదిలే డ్రిప్పర్లు తెచ్చి రెండు రోజులు డాబా మీదే కూర్చుని అల్లాడు. డ్రిప్పర్లు చాలలేదు. చివరి పది కుండీలకు ఉత్త సన్న గొట్టమే పెట్టి "నీళ్లు పోతే చాలు కదా" అన్నాడు. మోటారు వేసి, బోరు లైనుకు తగిలించి పరీక్ష చేశాం. టక్కున తెరుచుకుంది, టక్కున మూసుకుంది. ఆ టక్ టక్ చప్పుడు నాక్కూడా నచ్చింది, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత టైమర్‌ను ట్యాంకు కింది నల్లాకు మార్చి, ఇంటికి తాళం వేసి బస్సెక్కాం.

మూడో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు, పిల్లకు నలుగు పెడుతుంటే ఫోను. పక్కింటి అవ్వ.

"ఓ బిడ్డా, మీ డాబా మీద వానొస్తున్నదే!"

"వానేంది అవ్వా, ఈడ ఎండ మండిపోతున్నది."

"ఈడ కూడా ఎండనే. వాన మీ ఇంటి మీద ఒక్కదాన్నే పడుతున్నది. నా వడియాలన్నీ జావయినై."

మా డాబా వాన నీళ్ల గొట్టం అవ్వ వాళ్ల రేకుల వసారా పక్కన, కింది స్లాబు మీదికి దిగుతుంది. ఆమె ఆ పొద్దున నాలుగింటికి లేచి సగ్గుబియ్యం ఉడకబెట్టి, పాత చీర పరిచి, రెండు కిలోల వడియాలు పెట్టింది. టైమర్ ఆరింటికి తెరుచుకుంది, మళ్లీ మూసుకోలేదు. డ్రిప్పర్లున్న కుండీలు నిండి పొర్లాయి. ఉత్త గొట్టాలు పెట్టిన పదింటి నుంచైతే ధారగా పోయింది. వెయ్యి లీటర్ల ట్యాంకు నీళ్లు, వాటితో పాటు కుండీల్లోని ఎర్రమట్టి, నేను పోసిన పశువుల ఎరువు, అన్నీ కలిసి అవ్వ వడియాల మీదికి వచ్చాయి.

మా మెట్లు ఇంటి లోపలి నుంచే. తాళం చెవి నా బ్యాగులో, బ్యాగు వనపర్తిలో. చివరికి అవ్వ మనవడు పిట్టగోడ దూకి డాబా ఎక్కి, ట్యాంకు దగ్గరి వాల్వు బంద్ చేసి దిగిపోయాడు. మేం అమ్మయ్య అనుకున్నాం. ఆ టెన్షన్లో ఎవరికీ తట్టనిది ఏమిటంటే, వాల్వు బంద్ చేస్తే మిగిలిన ఐదు రోజులు చుక్క నీరు పోదు. పిట్టగోడ దూకగలిగిన పిల్లాడు రోజూ రెండు బకెట్లు పోయలేడా? అడిగితే పోసేవాడు. నేనే అడగలేదు.

తిరిగొచ్చేసరికి డాబా మీద బతికినవి కలబంద, వాము ఆకు, మొండిగా ఒక కరివేపాకు. మిగతావి ముందు మునిగి, తర్వాత ఎండి చచ్చాయి. పదేళ్లు పెంచిన మల్లెను గిల్లి చూస్తే లోపల పచ్చ లేదు.

తర్వాత డ్రిప్పు సామాన్లు అమ్మే కొట్టాయన్ని అడిగితే నవ్వాడు. ఈ టైమర్లు రెండు రకాలట. చౌకగా దొరికేవి చాలావరకు సోలినాయిడ్‌వి, అంటే కరెంటు అయస్కాంతంతో పనిచేసేవి. వాటి లోపలి రబ్బరు పొర తెరుచుకోవాలన్నా, గట్టిగా మూసుకోవాలన్నా నీళ్ల ఒత్తిడే నెట్టాలి. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే ఒక బార్ ఒత్తిడి. మా ట్యాంకు నల్లాకు నాలుగడుగుల పైన ఉంది, అంటే అందులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మోటారు మీద పరీక్ష చేసినప్పుడు పనిచేసింది అందుకే, ట్యాంకు మీద చెడిందీ అందుకే. రెండో రకంలో చిన్న మోటారు బాల్ వాల్వును తిప్పుతుంది, దానికి ఒత్తిడి అక్కర్లేదు. డబ్బా మీద కనీసం ఎంత ఒత్తిడి కావాలో రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. కండ్లద్దాలు పెట్టుకునే వయసు వాళ్లకు అమ్మే వస్తువు మీద అక్షరాలు అంత చిన్నగా ఎందుకేస్తారో!

ఇంతకీ ఆ ఎనిమిది రోజుల్లో ఆకు కూడా వాడకుండా బతికినవి ఐదు ఉన్నాయి. వంటింటి కిటికీ దగ్గరి పుదీనా, మనీప్లాంట్, స్పైడర్ ప్లాంట్, ఇంకో రెండు. మా ఆయన గొట్టం అక్కడిదాకా రాలేదు. బస్సుకు టైమవుతుంటే షాపులో చేతికందిన లంగా నాడాలు తెచ్చి, ఒక కొస కుండీ మట్టిలోకి పెన్నుతో పొడిచి, రెండో కొస ఐదు లీటర్ల నూనె డబ్బాలో నింపిన నీళ్లలో వేసి వెళ్లిపోయాను. పుదీనా ఒక్కటే మూడు లీటర్లు తాగింది. దీపంలో వత్తి నూనెను పైకి లాక్కున్నట్టే నాడా నీళ్లను లాక్కుంటుంది. మట్టి తడిగా ఉంటే మెల్లగా, ఆరితే తొందరగా. టైమర్‌కు గంట కొట్టడమే తెలుసు, మట్టి తడి తెలియదు.

మీరు వాడితే నాడా గురించి ఒక టైలర్ మాట వినండి. కొత్త నాడాకు గంజి ఉంటుంది, అలాగే పెడితే నీళ్లు ఎక్కవు. వేడి నీళ్లలో ఉతికి, తడిగానే పెట్టాలి. నూలు నాడా బాగా లాగుతుంది కానీ మట్టిలో కొన్ని నెలలకు పుచ్చిపోతుంది. పది రోజుల ప్రయాణానికి అదే చాలు. ఏడాది పొడుగునా ఉంచాలంటే స్వెటర్ అల్లే యాక్రిలిక్ ఊలును నాలుగు పేటలు పేని వాడండి, కుళ్లదు. మెరిసే శాటిన్ రిబ్బను వద్దు. నేను ఒకదానికి అదే పెట్టాను, నీళ్లు డబ్బాలో ఉన్నట్టే ఉన్నాయి, మొక్క ఎండింది. నీళ్ల మట్టం మట్టికి బెత్తెడు కింద ఉంటే మంచిది, మహా అయితే జానెడు. అంతకన్నా లోతైతే నాడా తడుస్తుంది గానీ మొక్క దాహం తీరదు. డబ్బాను కుండీ కంటే ఎత్తున మాత్రం పెట్టకండి. నీళ్లు నాడా వెంట కిందికి జారుతూనే ఉంటాయి, ఒక్క రాత్రిలో డబ్బా ఖాళీ, తెల్లారి వంటిల్లు చెరువు.

డాబా మీది పెద్ద కుండీకి మే ఎండలో ఒక్క నాడా చాలదు, మూడు పెట్టినా గులాబీకి బొటాబొటే. అందుకే ఇప్పుడు ఊరెళ్లే ముందు కుండీలన్నిటినీ మెట్ల గది నీడకు లాగి గుంపుగా పెడతాను. మా అక్క వనపర్తి నుంచి సంచుల్లో పంపే పల్లి పొట్టు మట్టి మీద రెండు ఇంచులు పరుస్తాను. సగం దాహం అక్కడే తగ్గుతుంది. దీన్ని ఎవరూ పరికరం అనరు, ఆన్‌లైన్లో అమ్మరు, కాబట్టి ఎవరూ చెప్పరు.

సెలైన్ సెట్టు కూడా వాడి చూశాను, మెడికల్ షాపులో దొరుకుతుంది. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు, కాబట్టి నిమిషానికి ఐదు చుక్కలకు తిప్పితే రోజుకు మూడు వందల అరవై మిల్లీలీటర్లు. శివుడి మీద ధారపాత్ర వేలాడదీసినట్టు గులాబీ మీద సీసా వేలాడదీసి, గడియారం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టాను. సీసాలో మట్టం తగ్గేకొద్దీ చుక్క నెమ్మదిస్తుంది. మూడో రోజుకు మా బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఆగిపోయింది. తిరగేసిన సీసా మూతకు రంధ్రం చేసి గుచ్చే పద్ధతి సంగతి అడగకండి. బిగువైన మట్టిలో అయితే సరే, కొబ్బరి పీచు కలిపిన వదులు మట్టిలో రెండు గంటల్లో గటగటా అయిపోతుంది.

మట్టి గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కడియం నుంచి వ్యాన్లలో వచ్చే మొక్కలు రోడ్డు పక్కన కొంటాం కదా, చాలావాటి వేళ్ల చుట్టూ బంకమన్ను ముద్ద ఉంటుంది. ఒకసారి ఎండితే అది రాయి. మీరు నాడా పెట్టినా, గంగనే తెచ్చి పోసినా నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. కొనగానే బకెట్ నీళ్లలో నానబెట్టి, ఆ ముద్దను సగం వరకు మెల్లగా విడదీసి నాటండి. అది చేయకుండా పరికరం కొనడం దండగ.

రెండంతస్తుల కుండీలు, అదే అడుగున నీళ్లు నిలిచేవి, ఇంట్లో నీడన పెట్టేవాటికి బాగానే ఉంటాయి, నా దగ్గర మూడున్నాయి. కానీ మా నీళ్లతో ఒక పేచీ ఉంది. నీళ్లు కింది నుంచి పైకే పోతాయి, ఉప్పు మాత్రం పైన మట్టి మీద తెల్లగా పొరకడుతుంది. నెలకోసారి పై నుంచి ధారాళంగా పోసి కడిగేయాలి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఆకుల కొసలు గోధుమ రంగులో కాలుతుంటే ఎరువు తక్కువైందని అనుకోకండి, వాటికి మా బోరు నీళ్లలోని ఫ్లోరైడు పడదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లం, ఆకు కొస కాలిందని నేను బాధపడితే మా ఆయన నవ్వుతాడు. ఇప్పుడు వాటికి మాత్రం బోరు నీళ్లు మానేసి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు పోస్తున్నాను. అడుగున నీళ్లుండే కుండీకి మూత సందులు లేకుండా చూసుకోండి, లేకపోతే దోమల్ని పెంచినట్టే. కలబందకు, జేడ్‌కు ఈ కుండీలు అసలు వద్దు, వేళ్లు కుళ్లుతాయి.

డాబా మీద పెద్ద కుండీలకు ఇప్పుడు నేను నమ్మేది గురిగి, అదే చిన్న మట్టికుండ. కుమ్మరి దగ్గర చిన్నది, రంగు వేయనిది తెచ్చి, మెడ దాకా మట్టిలో పాతి, నీళ్లు నింపి, పైన ప్రమిద బోర్లిస్తాను. గోడలోంచి తడి ఊరుతుంది, వేళ్లు వచ్చి దాన్ని కావలించుకుంటాయి. కొనేటప్పుడు అక్కడే నీళ్లు పోసి కాసేపు ఆగండి. బయట చెమట పట్టకపోతే తీసుకోకండి. రంగేసినవి, నున్నగా మెరిసేవి బోనాలకు బాగుంటాయి, మొక్కకు పనికిరావు. ఇదీ శాశ్వతం కాదు. ఉప్పు నీళ్లకు రెండో ఎండాకాలానికల్లా రంధ్రాలు పూడి ఊరడం తగ్గుతుంది. తీసి, కొబ్బరి పీచుతో రుద్ది, ఒక రాత్రి వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే కొంతకాలం నడుస్తుంది. తర్వాత కొత్తది కొనుక్కోవడమే.

ఏది పెట్టినా ప్రయాణానికి ముందు రోజు పెట్టకండి. నాలుగు రోజుల ముందే పెట్టి, చేత్తో నీళ్లు పోయడం మానేసి, ఇంట్లోనే ఉండి చూడండి. ఏ కుండీ ఎంత తాగుతుందో, ఏ నాడా మొరాయిస్తుందో అప్పుడే తెలుస్తుంది.

వడియాల సంగతి మర్చిపోయాను. వనపర్తి నుంచి వచ్చిన రోజే మూడు కిలోల సగ్గుబియ్యం కొని అవ్వ ఇంటికి పోయాను. తీసుకుంది, కానీ "వడియాలు మళ్లా పెట్టొచ్చు, ఆ చీర నా మొగుడు తెచ్చింది" అంది. ఎర్రమట్టి మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. మరక పడని కొంగు భాగం కత్తిరించి ఆమెకు రెండు జాకెట్లు కుట్టిచ్చాను. ఇప్పుడు ఊరెళ్తే గురుగులు నింపేది ఆమె మనవడే, పిట్టగోడ దూకకుండా మెట్ల తాళం చెవి వాడి దగ్గరే ఒకటి ఉంచాను.