భీమిలిలో రెండు రోజులు: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. ఆరుగురు స్నేహితులు కలిసి శని, ఆదివారాలు విశాఖ వచ్చి, సముద్రం ఒడ్డున బొమ్మలు వేసుకుంటాం, రాసుకుంటాం, పాడుకుంటాం అన్నావు. చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఉద్యోగాల్లో పడ్డాక మీరంతా బ్రష్షులు అటక మీద పెట్టేశారేమోనని నాకు దిగులుగా ఉండేది. ఫోన్‌లో అయితే అన్నీ ఒక్కసారి గుర్తుకు రావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ వాళ్ళందరికీ చదివి వినిపించు.

ముందు నువ్వు పంపిన ప్రోగ్రాం సంగతి. శనివారం పొద్దున కైలాసగిరి, మధ్యాహ్నం సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం ఋషికొండ, ఆదివారం అరకు. ఇది చుట్టాలొస్తే తిప్పి చూపించే విశాఖపట్నం. బొమ్మలు వేసుకోవాలని వచ్చేవాళ్ళకి పనికిరాదు. అరకు ఒక్కదానికే రానూపోనూ రోజంతా పోతుంది, దాన్ని పూర్తిగా తీసెయ్. మేం మొదటిసారి ఇలాగే వెళ్ళాం. అయిదుగురం, ఒక అద్దె వ్యాన్, రెండు రోజుల్లో ఆరు చోట్లు. ఎక్కడ దిగినా కూర్చుని అట్ట తెరిచేసరికి బయల్దేరే టైమ్ అయ్యేది. ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్కొక్కరి పుస్తకంలో నాలుగేసి గీతలు, ఒళ్ళంతా అలసట.

నా మాట విని భీమిలిలో ఒక్కచోట దిగండి. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీద ముప్ఫై కిలోమీటర్లకు మించదు. గోస్తనీ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది, బొర్రా గుహల్లోంచి వచ్చే నది. ఏటి నీళ్ళ రంగు వేరు, సముద్రం రంగు వేరు, రెండూ కలిసే గీత గంటగంటకూ జరుగుతూ ఉంటుంది. పక్కనే పడవలు, ఆరేసిన వలలు, పాత లైట్‌హౌస్, వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన డచ్చివాళ్ళ సమాధులు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు అది. కాళ్ళకు పని చెబితే చాలు, బండి అక్కర్లేదు.

ఎప్పుడు రావాలన్నావు కదా, మాఘ పౌర్ణమికి దగ్గరగా ఉన్న శని, ఆదివారాలు చూసుకో. అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఏం చేసిందో మేం కళ్ళారా చూశాం. వేసవిలో ఉక్కపోతకు రంగుల మీద మనసు నిలవదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరపడవలన్నీ కట్టేసి ఉంటాయి. మాఘంలో అయితే గాలి హాయిగా ఉంటుంది. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి పౌర్ణమి నాడు ఇటు కొండల వెనక సూర్యుడు దిగుతుంటే అటు నీళ్ళలోంచి చంద్రుడు పైకొస్తాడు. ఆ పావుగంటలో ఆకాశానికి రెండు వైపులా రెండు రంగులుంటాయి. దాన్ని వెయ్యాలని ఎవరూ కంగారు పడకండి, ఊరికే చూడండి. సముద్రస్నానాలకు జనం కూడా వస్తారు. తడిబట్టలు, ఇత్తడి చెంబులు, ఒడ్డున పెట్టిన దీపాలు, మనుషుల బొమ్మలు వేసేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి!

రాత్రంతా రైల్లో వచ్చి దిగుతారు కాబట్టి శనివారం పొద్దున పని పెట్టుకోవద్దు. టిఫిన్ తిని పడుకోండి. మధ్యాహ్నం మూడింటికి లేచి, ఎవరికి వాళ్ళు ఒక్కో చోటు ఎంచుకోండి. ఆ చోటికే ఆదివారం తెల్లవారుజామున మళ్ళీ వెళ్ళాలి, పదింటికి మూడోసారి. సాయంత్రం సూర్యుడు మీ వెనక ఉంటాడు, నీళ్ళు నిండు నీలంగా కనిపిస్తాయి. తెల్లవారాక వెలుతురు ఎదురుగా వస్తుంది. అల లేచి విరగబోయే క్షణంలో దాని పైఅంచు పల్చబడి, వెలుగు అందులోంచి దూరి, లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. అదే నీరు, అదే అల, ట్యూబులోంచి తీసే రంగు మాత్రం వేరు. ఈ సంగతి నేను ముప్ఫై ఏళ్ళు క్లాసులో చెప్పాను, కానీ పిల్లలకు ఒడ్డున రెండుసార్లు కూర్చుంటేనే అర్థమయ్యేది. ఆ రోజుల్లో సూర్యోదయం ఆరున్నరకు కాస్త ముందు. అయిదూ ముప్పావుకే అక్కడ ఉండండి, అసలు రంగులన్నీ సూర్యుడు రాకముందే.

మొదటి ఇరవై నిమిషాలు పెన్సిల్ తియ్యకండి. ఒకే చోట విరిగే అలలను చూస్తూ ఉంటే, ప్రతి అలా కొత్తదే అయినా ఆకారం మళ్ళీ మళ్ళీ అదే వస్తుందని తెలుస్తుంది. అప్పుడు గీయండి. ఇంకో చిన్న కిటుకు. నువ్వు ఇసుక మీద నిలబడి చూస్తుంటే, నీ ఎత్తు మనుషులు దగ్గరున్నా దూరమున్నా వాళ్ళ తలలన్నీ నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీదే ఉంటాయి. పాదాలు మాత్రమే కిందికీ పైకీ మారతాయి. నువ్వు కూర్చుంటే ఆ గీత వాళ్ళ నడుము దగ్గరికి దిగుతుంది. ఇది చూసుకోకపోతే మనుషులు గాల్లో తేలుతున్నట్టు వస్తారు.

సామాను తక్కువ తెచ్చుకోండి. వాటర్ కలర్‌కి 300 జీఎస్ఎం మందపాటి కాగితం, అంతకన్నా పల్చనిది ఈ తేమకు ముడతలు పడుతుంది. ఉదయం తడి తొందరగా ఆరదు, పదింటికి గాలి లేచాక నిమిషంలో ఆరిపోతుంది, దాన్నిబట్టి పని చూసుకోవాలి. ఈజిల్‌కి, అదే బొమ్మ నిలబెట్టే స్టాండుకి, ఇసుక నింపిన సంచి వేలాడదీస్తే గాలికి పడదు. సముద్రపు నీళ్ళతో రంగు కలపొద్దు, ఆ ఉప్పు గాల్లో తేమను పీల్చి కాగితాన్ని సరిగ్గా ఆరనివ్వదు. మంచినీళ్ళ సీసా వేరే ఉంచుకోండి. బ్రష్ కడిగిన నీళ్ళు, టర్పెంటైన్ ఇసుకలో పొయ్యకండి, ఒక డబ్బాలో పట్టి వెనక్కి తెచ్చెయ్యండి. మీ ఫొటోగ్రాఫర్ అబ్బాయికి చెప్పు, ఏసీ గదిలోంచి కెమెరా తీసుకెళ్ళగానే లెన్స్ మీద మంచు పడుతుంది, అరగంట ముందే బ్యాగుతో సహా వరండాలో పెట్టుకోమను. ఒడ్డున లెన్స్ మార్చొద్దు. వయొలిన్ అమ్మాయి ఇసుకలోకి దాన్ని తేకుండా వరండాలోనే వాయించుకుంటే మంచిది, అయ్యాక తీగలు పొడిబట్టతో తుడవాలి.

భీమిలి కాక ఇంకొక్క చోటికే ఒప్పుకుంటాను, ఎర్రమట్టి దిబ్బలు. ఊరికి తిరిగొచ్చే దారిలోనే ఉన్నాయి, ఆదివారం మధ్యాహ్నం ఎండ వాలాక ఆగండి. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పులా పట్టి వచ్చిన ఎరుపు అది. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు ట్యూబు పిండేసి అదే ఎరుపు అనుకోకండి. ఎండ పడ్డ వైపు నారింజ, వాగుల్లో నీడ పడ్డ వైపు ఊదా. మధ్యలో జీడిమామిడి ఆకుపచ్చ. జియోలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించిన చోటు, అంచులు మెత్తగా ఉండి విరిగిపడతాయి. ఎక్కి ఫొటోలు దిగొద్దు, గుప్పెడు మట్టి కూడా తేవొద్దు. ఇంకా దారిలో తొట్లకొండ వస్తుంది. బౌద్ధ భిక్షువులు వాననీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరు. టైమ్ ఉంటే ఎక్కండి, లేకపోతే ఈసారికి వదిలెయ్యండి.

పడవల దగ్గర ఒక జాగ్రత్త. వల లాగేవాళ్ళు మీ బొమ్మ కోసం అక్కడ లేరు, వాళ్ళది కూటి పని. వెళ్ళగానే కెమెరా ఎత్తకుండా ముందు పలకరించండి. "బాబాయ్, ఏం పడ్డాయి ఈవేళ?" అంటే కవళ్ళో, నెత్తళ్ళో, కానాగంతలో చూపిస్తారు. అప్పుడు అడిగి గీసుకోండి. గీసింది వాళ్ళకు చూపించండి. ఒక ముసలాయన నా బొమ్మ చూసి, పడవ ముక్కు తప్పుగా వేశానని ఇసుకలో వేలితో గీసి చూపించాడు. ఆయన గీసిందే సరైనది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ తప్పు చెయ్యలేదు నేను.

నీళ్ళలోకి మాత్రం మోకాళ్ళు దాటి దిగొద్దు. మన తీరంలో ఉన్నట్టుండి లోపలికి లాగేస్తుంది, ఈతొచ్చినవాళ్ళూ పోయారు. పౌర్ణమికి పోటు ఎక్కువగా ఉంటుంది కాబట్టి బ్యాగులు ఎగువనే పెట్టుకోండి. రాత్రి ఒడ్డు మీద పెద్ద లైట్లు వేసుకోకండి, ఆ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇల్లు తీసుకునేటప్పుడు వరండా, శుభ్రమైన బాత్రూములు రెండు ఉన్నాయా అని ముందే అడుగు. ఒడ్డున గంటల తరబడి కూర్చునే ఆడపిల్లలకు అదే పెద్ద టెన్షన్. వంట ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకోండి. టీలు పెట్టడం, పళ్ళేలు తియ్యడం మెల్లిగా మీ ఆడపిల్లల మీదికి వచ్చేస్తుంది, చూసుకో. మా రోజుల్లో మగవాళ్ళు నాలుగు బొమ్మలు వేస్తే మేం రెండు వేసేవాళ్ళం, మిగతా టైమ్ అంతా స్టవ్ దగ్గరే. ఈ రెండు రోజులు వంతులు రాసి గోడకి అంటించండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది. రెండోసారి మేం భీమిలిలోనే ఉన్నాం. శనివారం రాత్రి భోజనాలయ్యాక అందరం వేసినవి నేల మీద పరిచాం. మాలో ఒకామె, కాలేజీ రోజుల నుంచీ నా స్నేహితురాలు, చాలా ఏళ్ళ తర్వాత బ్రష్ పట్టింది. పిల్లలు, అత్తగారి జబ్బు, వీటన్నిటి తర్వాత అదే ఆమె మొదటి బొమ్మ. నేను చూసి, "సముద్రంలా లేదే, నీలం దుప్పటి పరిచినట్టుంది" అన్నాను. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మర్నాడు తలనొప్పి అని గదిలోంచి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ మాతో రాలేదు. పెళ్ళిళ్ళలో కలిస్తే బాగానే మాట్లాడుతుంది, బొమ్మల మాట మాత్రం ఎత్తదు. ఆ బొమ్మలో కుడి మూల చిన్న పడవ ఒకటి ఉంది, నీటి మీద నీడతో సహా ఎంత బాగా వేసిందో! దాని గురించి ఒక్క మాట అనలేదు నేను. పాతికేళ్ళయింది.

అందుకని శనివారం రాత్రి బొమ్మలు పరచకండి, కవితలు చదివించకండి. పాటలు పాడుకోండి, కబుర్లు చెప్పుకోండి. ఆదివారం మధ్యాహ్నం ఒక్కొక్కరు తమకిష్టమైతేనే ఒక్కటి చూపించాలి. మిగతావాళ్ళు అందులో తమకేం కనిపించిందో చెప్పాలి, అంతే. దిద్దుబాట్లు కావాలంటే తర్వాత వాళ్ళే అడుగుతారు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా పోతే, ఆయన బొమ్మలను కాపాడి, ఆయన పెట్టిన బొమ్మల బడిని నడిపించింది స్నేహితుడు వరద వెంకటరత్నమే. రాజమండ్రి గ్యాలరీలో ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ స్నేహితుడే గుర్తొస్తాడు.

డ్రాయింగ్ బోర్డులు రెండు, పెద్ద గొడుగు ఒకటి నా దగ్గర ఉన్నాయి, మోసుకురావద్దు. శనివారం మధ్యాహ్నానికి పులిహోర నేనే పంపిస్తాను. ఇంకో సంగతి. ఇది రాస్తూ రాస్తూ ఆపి, ఇందాక ఆమెకు ఫోన్ చేశాను. ఆ రోజు సంగతి ఎత్తి, ఆ పడవ గురించి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పిల్లలు ఏ రోజు వస్తున్నారని అడిగింది. ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి వస్తాం. మీరు కూర్చున్న చోటికి కాస్త పక్కగా రెండు కుర్చీలు వేయించు, చాలు.

రైలు దిగగానే ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ