కొత్త బ్యాటరీ వేసినా బండి ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: మా కారుకు మూడు నెలల కిందటే కొత్త బ్యాటరీ వేయించాం. అయినా నాలుగైదు రోజులకోసారి పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మనడమే తప్ప ఇంజిన్ తిరగడం లేదు. పిల్లల స్కూలుకు తప్ప పెద్దగా తిప్పం, రానూపోనూ మూడు కిలోమీటర్లు. షెడ్డులో మళ్లీ బ్యాటరీ మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అప్పుడే డబ్బు పెట్టకండమ్మా. బ్యాటరీ ముఖ్యమైన పని ఇంజిన్‌ను లేపడం. ఆ రెండు మూడు సెకన్లలో సెల్ఫ్ మోటార్ వంద ఆంపియర్లకు పైగానే లాగుతుంది. ఇంజిన్ అందుకున్నాక లైట్లకు, ఏసీ ఫ్యాన్‌కు కరెంటు ఇస్తూ బ్యాటరీని మళ్లీ నింపాల్సింది బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్, మనవాళ్లు డైనమో అంటారే, అదే. అది సరిగా పనిచేయకపోతే ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా ఇదే కథ.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి చాలు. పొద్దున్నే, బండి తీయకముందే బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టి చూడండి, 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12కు దగ్గరపడితే దాదాపు ఖాళీ. తర్వాత స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి చూస్తే 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 12 దగ్గరే ఉండి ఇంకా దిగిపోతుంటే ఆల్టర్నేటరో, వదులైన బెల్టో, తుప్పు పట్టిన టెర్మినలో. 15 దాటితే ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే, అలా వదిలేస్తే బ్యాటరీలో యాసిడ్ ఉడికిపోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి చూసే పాత పద్ధతికి అస్సలు ఒప్పుకోకండి, ఒక్కసారిగా వోల్టేజ్ ఎగిసిపడి కారు కంప్యూటర్ కాలిపోవచ్చు.

స్టార్ట్ చేశాక వచ్చిన కొలత బాగానే ఉంటే అప్పుడు బండి ఆపాక ఎక్కడో కరెంటు కారుతోందేమో వెతికించండి. తాళం వేశాక కొంతసేపటికి 0.05 ఆంపియర్ లోపు లాగడం మామూలే, కానీ డిక్కీ లైటు ఆరకో, బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్ వల్లో అది 0.5 అయితే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ అవుతుంది. మీ మూడు కిలోమీటర్ల తిప్పుడుతో అది పూడదు కూడా, ఎందుకంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా నిండడానికి గంటలు పడుతుంది, అందులోనూ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగినప్పుడు ఆల్టర్నేటర్ అంతంతమాత్రమే ఇస్తుంది. వారానికోసారి హైవే మీద గంటసేపు నడపండి.

ఇవన్నీ సరిగ్గా ఉండీ, ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ సత్తా చూసే లోడ్ టెస్టులో బ్యాటరీయే ఫెయిలైతే, మూడు నెలలదే కదా, బిల్లు తీసుకెళ్లి వారంటీ అడగండి.